తాతల ఫ్రెంచి సంగతి తర్వాత, ముందు కోడలి కాగితాలు కోడలికివ్వండి

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. చదివాక కోపం వస్తే సభలో అడగండి, మేం అక్కడే ఉంటాం. పారిస్‌కి ఉత్తరం వైపు శివారు ఊళ్ళలో ఉంటున్న యానాం వాళ్ళం కొందరం కూర్చుని రాసిందిది. పెట్టింది ఒకరి ఖాతాలోంచే గానీ మాట అందరిదీ.

మొన్న సంఘం భోజనాల రోజున ఒక పెద్దాయన మైకు పట్టుకుని, మనం మిగతా వలసవాళ్ళలాంటి వాళ్ళం కాదు, మన రక్తంలోనే ఫ్రాన్స్ ఉంది అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. ఆ రాత్రే పదకొండు దాటాక మాలో ఒకావిడకి ఫోనొచ్చింది. మన ఊరి పిల్లే, పెళ్ళి చేసుకుని వచ్చి ఐదు నెలలయింది. "అక్కా, ఇక్కడికొచ్చిన మూడు నెలల్లోపు వీసాని ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలంట కదా. మా ఆయన చేసేశారనుకున్నాను. ఆయనేమో వాళ్ళ బాబాయిగారు చేశారనుకున్నారంట. ఇప్పుడెలాగక్కా?" అని ఏడుపు.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాం. ఎక్కువ కాలం ఉండటానికి ఇచ్చే ఆ వీసా మొదటి ఏడాది నివాస కార్డుగా కూడా పనికొస్తుంది. కానీ ఊరికే కాదు. దేశంలో అడుగుపెట్టిన మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో దాన్ని ధ్రువీకరించుకోవాలి, స్టాంపు డబ్బు కట్టాలి. అరగంట పని. ఆ అరగంట తప్పితే పాస్‌పోర్టులో వీసా ఉన్నా ఉండే హక్కుకి కాగితం లేనట్టే. ఊరికెళ్తే తిరిగి రానిస్తారో లేదో, పనిలో పెట్టుకుంటారో లేదో, అన్నీ అనుమానాలే. రక్తంలో ఫ్రాన్స్ ఉన్న బాబాయిగారికి ఆ అరగంట దొరకలేదు.

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది మన వరస. కౌంటరు వెనకాల కూర్చున్న ఇరవయ్యారేళ్ళ అమ్మాయికి యానాం అంటే ఏమిటో తెలీదు. తెలిసినా ఆమె ముందున్న తెరలో దానికి గడి లేదు.

నిజానికి కాగితం విలువ మనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియకూడదు. 1954 నవంబరు 1న పాలన చేతులు మారింది. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అది చట్టపరంగా అమలులోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. ఆ రోజు నుంచి ఆరు నెలల గడువు. ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవాలనుకున్నవాళ్ళు ఆ లోపల రాతపూర్వకంగా తెలియజేసుకోవాలి. అక్కడే పుట్టి అక్కడే కాపురముంటూ ఏమీ రాసివ్వని వాళ్ళు భారతీయులైపోయారు. అన్నదమ్ములిద్దరిలో ఒకాయన రాసిచ్చాడు, రెండో ఆయన చేపల వేటకెళ్ళాడు. ఇవాళ ఒకరి మనవలు ఎర్ర పాస్‌పోర్టుతో విమానం దిగుతున్నారు, ఇంకొకరి మనవరాలు వీసా కోసం వరసలో నిలబడుతోంది. ఇలాంటి కథ మన ఊళ్ళో వీధికొకటి వినిపిస్తుంది. ఆరు నెలల గడువు రెండు తరాల బతుకు తేల్చిన ఊరు మనది. అలాంటి ఊరి వాళ్ళం మూడు నెలల గడువుని బాబాయిగారి మీద వదిలేశాం.

అంతకు ముందు సంగతి కూడా ఒకటుంది. 1929లో బ్రిటిష్ వాళ్ళు శారదా చట్టం తెస్తే, అది ఫ్రెంచి గడ్డ మీద చెల్లదని చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి యానాంలో పెళ్ళిళ్ళు చేసుకుపోయారు. కళ్యాణపురం అని పేరే వచ్చింది. గొప్పగా చెప్పుకోవాల్సిన విషయం కాదు. కానీ ఏ కాగితం ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో మన వాళ్ళకి అప్పట్లో బాగా తెలుసు. ఆ తెలివి ఏమైపోయిందో మరి.

ఇక ఫ్రెంచివాళ్ళకి పొగరు, మనల్ని చూస్తే చులకన అనే మాట. చులకనగా చూసే వాళ్ళు ఉన్నారు, లేరనం. మాకూ అనుభవమే. కానీ ఆ మాట అనే వాళ్ళలో చాలామందిని మేం దగ్గరుండి చూశాం. రొట్టెల కొట్లోకి వెళ్ళి సరాసరి వేలు చూపించి "అది" అంటారు. ఆఫీసులో కౌంటరు దగ్గరికెళ్ళి కాగితం ముందుకు తోస్తారు. అక్కడ బోంజూర్ అన్నాకే మాట మొదలవుతుంది. బస్సెక్కితే డ్రైవరుకి, డాక్టరు దగ్గర వెయిటింగు గదిలోకి వెళ్తే అక్కడ కూర్చున్న ముక్కూ మొహం తెలియని వాళ్ళకి కూడా బోంజూర్. మన ఇంటి గడప తొక్కిన మనిషి "ఏవండీ, బావున్నారా" అనకుండా "డబ్బులివ్వండి" అంటే మనం ఏమనుకుంటాం? వాళ్ళూ అదే అనుకుంటారు. దానికి పొగరని పేరెందుకు.

ఒక్క విషయంలో మనం అదృష్టవంతులం. వాళ్ళకి "తూ", "వూ" అని రెండున్నాయి, మన నువ్వు, మీరు లాగే. ఇంగ్లీషు మీద పెరిగిన వాళ్ళు అక్కడ తడబడతారు. గోదారి వాళ్ళం మనకి అది ఉగ్గుపాలతో వచ్చిన విద్య. అత్తగారిని నువ్వు అనని నోరు ప్రిఫెక్చర్‌లో గుమస్తాని నువ్వు అనదు. మన పిల్లలకి ఈ ఒక్క ముక్క చెబితే సగం భయం పోతుంది. చెప్పిన వాళ్ళెవరు?

ఇప్పుడు అసలు సంగతికొస్తున్నాం. పేర్లు.

ఫ్రెంచి ఫారంలో మొదటి గడి "నోం". అంటే ఇంటిపేరు. రెండోది "ప్రెనోం". అంటే పెట్టిన పేరు. నోం అని చూసి ఇంగ్లీషు నేమ్ అనుకుని సొంత పేరు రాసేసిన వాళ్ళు మాలోనే ఉన్నారు. తమాషా ఏమిటంటే, వాళ్ళ ఆఫీసుల్లో వరస మన వరసే. ముందు ఇంటిపేరు పెద్ద అక్షరాల్లో, తర్వాత పేరు. తెలుగువాడికి ఇంతకంటే తేలికైన ఫారం ఈ భూమ్మీద లేదు. కానీ మన పాస్‌పోర్టులు తీసి చూడండి. కొన్నిట్లో ఇంటిపేరు గడి ఖాళీ. కొన్నిట్లో అక్కడ తండ్రి పేరు. కొన్నిట్లో పొడి అక్షరం ఒకటి, దాని అర్థమేమిటో ఆ మనిషికి తప్ప లోకానికి తెలీదు. గడి ఖాళీగా ఉంటే అక్కడి కంప్యూటరు ఊరుకోదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి నింపుతారు. ప్రిఫెక్చర్‌లో ఒకలా, ఆరోగ్య బీమా ఆఫీసులో ఇంకోలా, బ్యాంకులో మూడోలా. ఆ తర్వాత ఆ మూడూ ఒక మనిషివే అని నిరూపించుకోవడానికి మీ యవ్వనం ఖర్చవుతుంది.

పెట్టిన పేర్ల సంగతి చెప్పక్కర్లేదు. మన వైపు వీర వెంకట సత్యనారాయణలు, వీర వెంకట దుర్గా ప్రసాదులు ఎంతమందో. అక్కడ మొదట ఉన్నదే వాడుక పేరనుకుంటారు. మాలో ఇద్దరికి ఇంట్లో వేరే వేరే పేర్లు, ఆఫీసుల్లో మాత్రం ఇద్దరూ "ముస్యో వీర". ఒకసారి ఒకరి ఉత్తరం ఇంకొకరికి వచ్చింది. నవ్వుకున్నాం, ఆ నవ్వుకోవడం ఆ ఉత్తరంలో ఉన్న గడువు తేదీ చూసేదాకానే.

పుట్టినతేదీ ఇంకో కథ. మన పెద్దవాళ్ళలో జూన్ నెలలో పుట్టిన వాళ్ళు మరీ ఎక్కువ. బడిలో చేర్చిన రోజున మాస్టారు రాసుకున్నదే పుట్టినరోజు. పురపాలక రిజిస్టరులో ఒక తేదీ, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక తేదీ. జనన ధ్రువపత్రంలో కొందరికి పేరు గడే ఖాళీ, "మగ శిశువు" అని మాత్రం ఉంటుంది. ముప్పై ఏళ్ళ మగ శిశువుని తీసుకెళ్ళి ఆ కౌంటరు ముందు నిలబెడితే వాళ్ళేం చెయ్యాలి? ఫ్రెంచి కాలంలో పుట్టిన ముత్తాతల జననం రిజిస్టర్లలో ఎక్కించి ఉంది. మనవలకి వచ్చేసరికి మగ శిశువు. రక్తంలో ఫ్రాన్స్ సంగతి అలా ఉంచి, ఆ ఒక్క అలవాటు నిలుపుకున్నా బాగుండేది.

అక్కడ జనన పత్రం "మూడు నెలల లోపుది తెండి" అని అడుగుతుంటారు. దాని మీద మన వాళ్ళ జోకులు మాకు తెలుసు, పుట్టుక మూడు నెలలకోసారి మారుతుందా అని. మారదు. కానీ వాళ్ళ జనన పత్రం అంచులో ఆ మనిషికి పెళ్ళయితే పెళ్ళి, విడాకులైతే విడాకులు ఎక్కిస్తూ పోతారు. అందుకే తాజా నకలు కావాలంటారు. మనం మటుకు ఒకసారి తీసుకున్న పత్రాన్ని భద్రమని లామినేషన్ చేయించి దేవుడి పటం పక్కన పెడతాం. లామినేషన్ చేసిన దాని మీద అపోస్టిల్ ముద్ర పడదు. అపోస్టిల్ లేకపోతే అక్కడ ఆ పత్రం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. దాన్ని ఫ్రెంచిలోకి మార్చాలన్నా కోర్టు గుర్తింపు ఉన్న అనువాదకుడే చెయ్యాలి. ఊళ్ళో ఫ్రెంచి మాస్టారు ప్రేమగా చేసిపెట్టింది చెల్లదు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆడపిల్లల ఇంటిపేరు ఒక ఎత్తు.

ఫ్రాన్స్‌లో 1794 నాటి చట్టం ఒకటి ఇవాళ్టికీ మూలంగా ఉంది. జనన పత్రంలో ఉన్న పేరు తప్ప ఇంకో పేరు మనిషి పెట్టుకోకూడదని దాని సారం. ఆడదానికి పెళ్ళయితే ఆమె పేరు మారదు. కావాలంటే భర్త ఇంటిపేరు వాడుకోవచ్చు, అంతే. ప్రతి ఆఫీసులోనూ ఆమె పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంటుంది, చచ్చేదాకా. ఇది తెలియక, లేదా తెలిసీ, మన అత్తగార్లు ఏం చేస్తున్నారు? పెళ్ళయిన నెలకే కోడలి పాస్‌పోర్టు మార్పించేస్తున్నారు. ఫ్రెంచి సంబంధం కదా, అక్కడికెళ్ళేసరికి మన ఇంటిపేరుతో వెళ్ళాలి అని. ఫలితమేమిటంటే జనన పత్రంలో ఒక మనిషి, పదో తరగతిలో అదే మనిషి, పాస్‌పోర్టులో వేరే మనిషి. అక్కడ అడగని పని, అక్కడ కష్టం తెచ్చే పని, పరువు పేరు చెప్పి డబ్బు కట్టి మరీ చేయిస్తున్నాం. 1881లో తమ కులాచారపు చట్టం వదులుకుని ఫ్రెంచి చట్టం కిందికి వెళ్ళిన వాళ్ళ చేత కూడా ఆ ప్రభుత్వం ఇంటిపేరు రాయించుకుంది. వాళ్ళ పట్టుదల కొత్తది కాదు, మన మొండితనమూ కొత్తది కాదు. మధ్యలో నలిగేది ఇరవై రెండేళ్ళ పిల్ల.

ఫ్రెంచి సంబంధం అన్నాం కాబట్టి అదీ చెప్పేస్తాం. ఎర్ర పాస్‌పోర్టు ఉన్న కుర్రాడికి కట్నం వేరే రేటు. అందరికీ తెలుసు, సభలో ఎవరూ మాట్లాడరు. లక్షలు పోసి పెళ్ళి చేసిన తండ్రికి, పెళ్ళికి ముందే కాన్సులేట్ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలని గానీ, పెళ్ళయ్యాక దాన్ని ఫ్రెంచి రిజిస్టర్లలో ఎక్కించుకోవాలని గానీ చెప్పే వాళ్ళుండరు. మండపం బుక్ చేసినవాళ్ళు, మేళం మాట్లాడినవాళ్ళు ఇది మాత్రం మర్చిపోతారు. పిల్ల ఏడాది పుట్టింట్లో కూర్చుంటుంది. ఊళ్ళో మాటలు మొదలవుతాయి.

సరే, వచ్చింది. వచ్చాక ఆమె కాగితాలెక్కడున్నాయి? మేం పది మంది కోడళ్ళని అడిగాం. ఎనిమిది మంది "మా ఆయన దగ్గర" అన్నారు. ఒకామె "మా మామయ్యగారి బీరువాలో" అంది. నివాస కార్డుకి దరఖాస్తు పెట్టే ఖాతా ఎవరి ఈమెయిల్‌తో ఉంది? భర్తది. కోడ్ వచ్చేది ఎవరి ఫోనుకి? భర్తకి. ఇల్లు ఎవరి పేరున ఉంది? కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తుంది? చిరునామా రుజువుకి అక్కడ ఆ బిల్లే దేవుడు. బిల్లు మీద ఆమె పేరు కూడా చేర్పించడానికి ఒక్క ఫోను చాలు. చేర్పించరు. "ఎందుకు, నేనున్నానుగా" అంటారు.

ఉండని రోజు కూడా వస్తుందండి. మాలో ఒకావిడ సంగతి ఆమె అనుమతితోనే రాస్తున్నాం. తొమ్మిదేళ్ళ కాపురం, ఇద్దరు పిల్లలు. ఒకరోజు ఆయన గొడవపడి చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్తూ ఫైలు పట్టుకెళ్ళాడు. ఆమె కార్డు గడువు ఇంకో మూడు నెలలు. పునరుద్ధరణ దరఖాస్తు మామూలుగా గడువు తీరే నాలుగు నెలల ముందు నుంచి రెండు నెలల ముందు లోపు పెట్టుకోవాలి. ఖాతా తెరవబోతే కోడ్ ఆయన ఫోనుకి వెళ్తోంది. ఆయన ఎత్తడు. ఆమెకి ఫ్రెంచి బజారులో కూరగాయలు కొనేంత వచ్చు, అంతే. తొమ్మిదేళ్ళలో మున్సిపాలిటీ వాళ్ళు ఇంటి పక్కనే పెట్టిన భాషా తరగతికి వెళ్ళనివ్వలేదు. వంటెవరు చేస్తారని. సంఘం పెద్దలకి ఫోను చేస్తే వాళ్ళు చెప్పిన మాట, "సర్దుకుపోమ్మా, మొగుడూ పెళ్ళాల గొడవలు సంఘంలోకి తేకు". ఆ పెద్దలు ఇది చదువుతున్నారని మాకు తెలుసు. పేరు రాయం. ఆమె మర్చిపోలేదు.

ఆమెని చివరికి ఒడ్డున పడేసినవాళ్ళు మనం కాదు. మేరీలో, అంటే అక్కడి పురపాలక భవనంలో, వారానికొకసారి కూర్చునే ఉత్తరాలు రాసిపెట్టే మనిషి ఒకామె, ఎకరివాఁ ప్యుబ్లిక్ అంటారు. డబ్బు తీసుకోదు. ఆవిడే ఉత్తరం రాసి, రసీదు వచ్చే రిజిస్టరు పోస్టులో పంపించింది. ఆ రసీదే ఆమెని కాపాడింది. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. భర్త హింస వల్ల కాపురం విడిపోతే, ఆ కారణం చూపించి భార్య కార్డుని తీసెయ్యడానికి, పునరుద్ధరించకుండా ఉండటానికి చట్టం ఒప్పుకోదు. 3919 అని నంబరుంది, ఉచితం, పేరు చెప్పక్కర్లేదు. వదిలేస్తే కార్డు పోతుంది, ఇండియాకి పంపించేస్తారు అని బెదిరింపులు తింటున్న మన ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో పెద్దలకి తెలీదా? తెలిసీ ఈ నంబరు సంఘం క్యాలెండరు మీద ఎందుకు లేదు? క్యాలెండరు మీద మీసాల వేంకన్న బొమ్మ ఉంది, దాతల ఫొటోలు పన్నెండు ఉన్నాయి. వేంకన్న ఉండాల్సిందే. దాతల్లో ఒకరిని తీసి నంబరు పెట్టొచ్చు.

ఇంత రాశాక మేం ఫ్రెంచి ప్రభుత్వానికి వకాల్తా పుచ్చుకున్నామని ఎవరో అంటారు. లేదండి. వాళ్ళ తప్పులు మాకు బాగా తెలుసు, ఒంటి మీద వాతలున్నాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, చట్టంలో ఉన్న హక్కు కౌంటరు దగ్గర దొరకదు. మనం మౌనం అర్ధాంగీకారం అంటాం. వాళ్ళూ 2013లో చట్టం చేసుకున్నారు, ఆఫీసు రెండు నెలలు జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టేనని. బావుంది కదా? కానీ విదేశీయుల నివాస కార్డు విషయంలో అది తిరగబడుతుంది. ప్రిఫెక్చర్ నాలుగు నెలలు పలక్కపోతే తిరస్కరించినట్టు లెక్క. తిరస్కరించామని చెప్పరు, ఉత్తరం రాదు. మీరు ఇంకా ఎదురుచూస్తూనే ఉంటారు. ఇది అన్యాయమని మేం ఎక్కడైనా అంటాం. అన్నీ ఆన్‌లైన్ చేసి కౌంటర్లు మూసేస్తే కంప్యూటరు రాని వాళ్ళ గతేమిటని సంఘాలు కోర్టుకెళ్ళాయి. అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2022 జూన్ 3న తీర్పిచ్చింది. ఆన్‌లైన్ తప్పనిసరి చెయ్యొచ్చు గానీ, చేతకాని వాళ్ళకి సాయం చెయ్యాలి, అప్పటికీ కుదరకపోతే వేరే దారి చూపించాలి అని. ఆ తీర్పు కాగితం ప్రింటు తీసుకుని వెళ్ళిన వాళ్ళకి మా కళ్ళ ముందే పని జరిగింది. కోర్టుకెళ్ళిన ఆ సంఘాల్లో మన సంఘం లేదు, ఆ రోజుల్లో మనం క్రికెట్ కప్పు పెట్టుకున్నాం.

ఈ సందులోంచే దూరారు మన దళారులు. ప్రిఫెక్చర్‌లో రాందెవూ ఉచితం. దాన్ని డబ్బుకి అమ్ముతున్నారు. అమ్మేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు సంఘం భోజనాలకి చందాలూ ఇస్తున్నారు. "నీకెందుకమ్మా, ఫైలు ఇచ్చేయ్, నే చూసుకుంటా" అంటే ఇచ్చేస్తున్నాం. అసలు కాగితాలు ఇచ్చేస్తున్నాం! ఒక కుర్రాడి దరఖాస్తులో దళారి తప్పుడు చిరునామా రాశాడు. పట్టుబడ్డది కుర్రాడు. సంతకం వాడిదే కదా.

దళారి చేసే పనుల్లో ఊరికే దొరకనిది ఏముంది? ఫారాలు నింపడానికి ఫ్రాన్స్ సెర్వీస్ అనే కేంద్రాలున్నాయి. ఆఫీసు అన్యాయం చేస్తే హక్కుల పరిరక్షకుడి ప్రతినిధులు వారంలో ఒకట్రెండు రోజులు కూర్చుంటారు, రూపాయి అక్కర్లేదు. బ్యాంకు ఖాతా ఇవ్వనంటే, ఇవ్వలేదని కాగితం తీసుకుని బాంక్ దె ఫ్రాన్స్‌కి వెళ్తే వాళ్ళే ఒక బ్యాంకుని నియమిస్తారు. ఇల్లు అద్దెకివ్వడానికి హామీదారు కావాలంటే, 30 ఏళ్ళ దాకా ఉన్న కుర్రాళ్ళకి విజాల్ అనే ఉచిత హామీ ఉంది. మేం మొదట్లో ఇవేవీ తెలియక ఒకే గదిలో ఏడుగురం పడుకున్నాం, ఆ గదికి చిరునామా రుజువు ఇమ్మంటే ఇంటాయన ఒప్పుకోలేదు. ఆదాయం లేకపోయినా ఏటా వసంతంలో పన్ను వివరాలు దాఖలు చెయ్యాలని కూడా అప్పుడు తెలీదు. ఆ పన్ను కాగితం లేనిదే అక్కడ పిల్లల బడి భోజనం రేటు కూడా సరిగా తేలదు.

భాష సంగతి ఇంక వాయిదా వెయ్యడానికి లేదు. 2026 జనవరి 1 నుంచి లెక్క మారింది. కొన్నేళ్ళ కార్డు కావాలంటే చాలామందికి ఏ2 స్థాయి, పదేళ్ళ కార్డుకి బి1, పౌరసత్వానికి బి2. దాంతోపాటు పౌర పరీక్ష. "మా ఆవిడకి భాష ఎందుకండి, నేను మాట్లాడతాగా" అన్నవాళ్ళు ఇప్పుడు పరీక్ష హాల్లోకి ఆవిడ బదులు వెళ్ళలేరు. బి1 అంటే ఆషామాషీ కాదు, ఇంటి పనీ పిల్లల పనీ చేసుకుంటూ ఏళ్ళు పట్టే చదువు. ఇవాళ మొదలుపెట్టాలి. వారానికి రెండు పూటలు వంట ఆలస్యమవుతుంది. అవ్వనివ్వండి.

మేం అడిగేది పెద్దదేమీ కాదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ఏడు బాణసంచాకి పెట్టిన మొత్తాన్ని తీసి, యానాంలో ఒక గది, ఒక కుర్చీ, ఫారాలు తెలిసిన ఒక మనిషిని పెట్టమంటున్నాం. వీసాకి వేసే ముందే పాస్‌పోర్టు, జనన పత్రం, పదో తరగతి పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉంటే ఇక్కడే సరిచేయించే మనిషి. ఇక్కడైతే నెలల పని, అక్కడికెళ్ళాక ఏళ్ళ పని. పెళ్ళయిన పిల్లల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు మార్పించమని ఒత్తిడి చెయ్యబోమని కార్యవర్గం తీర్మానం చెయ్యాలి. ముందు కార్యవర్గం వాళ్ళ ఇళ్ళలోనే మొదలుపెడితే మంచిది. దళారుల చందా తీసుకోకూడదు. దీని మీద ఓటింగు పెట్టమని రాతపూర్వకంగా అడిగాం. రిజిస్టరు పోస్టులో పంపాం, రసీదు మా దగ్గరుంది. నాలుగు నెలలు పలక్కుండా ఊరుకుంటే తిరస్కరించినట్టు మేం అనుకోం, మళ్ళీ పంపుతాం.

మొదట చెప్పిన పిల్ల సంగతి అడుగుతారేమో. ఇంకా తేలలేదు. ప్రిఫెక్చర్‌కి ఉత్తరం వెళ్ళింది, జవాబు రాలేదు. ఇప్పుడు ఆ ఫైలు ఆమె దగ్గరే ఉంది. ఈమెయిల్ కొత్తది తెరిచింది, కోడ్ ఆమె ఫోనుకే వస్తుంది. వాళ్ళాయన మంచివాడే, సిగ్గుపడుతున్నాడు, మాతో పాటు కూర్చుని ఫొటోకాపీలు తీశాడు.

సమావేశం రోజున మాలో ఇద్దరం ఫొటోకాపీ మెషీన్ పక్కనే ఉంటాం. అసలు కాగితాలు తెండి, మేం ఉంచుకోం, చూసి వెంటనే ఇచ్చేస్తాం. లామినేషన్ చేయించినవైనా తెండి, తిట్టం. కోడళ్ళని వెంట తెచ్చేవాళ్ళు ఫైలు వాళ్ళ చేతికే ఇచ్చి తీసుకురండి.